మచ్చల రొయ్యలు

నేను చోడవరానికి కాపురానికొచ్చిన కొత్తలో జనానికింకా మశూచి భయం పోలేదు. మాది దేవరాపల్లి వైపు. చెరువు చేప తప్ప ఎరగను. సముద్రపు రొయ్య అంటేనే ఒళ్ళు జలదరించేది. ఆ మీసాలు, అన్నేసి కాళ్ళు, ఒలుస్తుంటే వేళ్ళకంటుకునే జిగురు.

పూడిమడక నుంచి ఒకామె వారానికి రెండుసార్లు బస్సులో గంప తెచ్చేది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. మిగతా వీధులు వేరేవాళ్ళవి, ఆమెకి మా వీధొక్కటే. ఒకరోజు చేటలో పోయించుకున్న రొయ్యల్లో నాలుగైదింటి పెంకు మీద నల్లటి మచ్చలు కనిపించాయి. గోటితో గీకినా పోలేదు. రొయ్యలకి అమ్మవారు పోసిందని అత్తగారితో అన్నాను. ఆవిడ చేటెత్తి దిబ్బ మీద పారబోసి, గుమ్మానికి వేపమండ కట్టింది. అమ్మవారున్న ఇంట నీచు వండరు, ఇక్కడ నీచుకే అమ్మవారొచ్చిందాయె. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఇంటింటికీ నేనే చెప్పొచ్చాను.

తరవాత రెండుసార్లు గంప నిండుగానే వెనక్కి పోయింది. మూడోసారి ఆమె మా అరుగు మీద గంప దించి, నా జబ్బ మీది టీకా మచ్చ చూపించింది.

“నీ సేతికీ మచ్చుంది. మీ అత్త నిన్ను దిబ్బ మీద పారేసిందేటమ్మా? రోగాన్ని అణిసీసి మూసీసిన సోటది. రొయ్యకీ అంతే. మూసుకోలేనిది నీళ్ళలోనే సచ్చిపోతాది, నా గంపలోకి రాదు.”

“నువ్వు మూయించిన గుమ్మాలు నువ్వే తెరిపించాలి. అందరూ సూస్తుండగా తిను,” అంది.

ఆమె చెప్పింది చాలావరకు నిజమేనని రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే మా మనవరాలు ఈమధ్య చెప్పింది. చొరబడిన పురుగు చుట్టూ రొయ్య రక్తమే గట్టిపడి నల్లబడుతుందట. వైరస్ వస్తే దాన్ని ఒంట్లోని కణాలే ముక్కలుగా తుంచి పారేయజూస్తాయట. మనలాగా టీకాని ఏళ్ళ తరబడి గుర్తుంచుకునే రక్తం మాత్రం దానికి లేదట. ఇదంతా అప్పుడే తెలిసినా నా కడుపు ఊరుకునేది కాదు.

ఆ పూటే ఆమె గంపలోంచి మచ్చలున్నవే ఏరి పులుసు పెట్టాను. వీధి ఆడవాళ్ళు నిలబడి చూస్తుంటే అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ నమిలాను. పంటి కింద రబ్బరులా సాగాయి. కళ్ళు చెమరిస్తే కారం ఎక్కువైందన్నాను. ఎదురింటామె ముందుగా చేట తెచ్చుకుంది. ఆమె వెనక ఇంకొకామె. గంప ఖాళీ అయ్యేదాకా ఆఖరి ముద్ద బుగ్గనే పెట్టుకున్నాను.

ఆమె బస్సుకెళ్ళగానే దొడ్లోకి పరిగెత్తి కక్కేశాను. గుమ్మానికి ఎండిపోయిన వేపమండ లాగి, దాని పుల్లతోనే పళ్ళు తోముకున్నాను.