డోలు కోసం తీసుకున్న కార్డు

సుందరరాజు పోయాక అతని ఫోనుకు వచ్చే పిలుపులు రెండు మూడు నెలల్లో సన్నగిల్లాయి. మొదట్లో పెళ్లిమేళం మాట్లాడుకునే వాళ్లు చేసేవారు. సంగతి తెలిసి, నొచ్చుకుని, వేరే మేళం వాళ్ల నెంబరు ఉంటే ఇమ్మని అడిగి పెట్టేసేవారు. తరువాత వాళ్లూ మానేశారు. మానకుండా వచ్చేది ఒక్కటే. ప్రతి నెలా అయిదో తేదీన, పొద్దున తొమ్మిది దాటాక, విమానాల కంపెనీ నుంచి మెసేజి.

అది ఇంగ్లీషులో ఉంటుంది. పంకజాక్షి చదివింది అయిదో తరగతి దాకా. అయినా అందులో మొగుడి పేరు ఏదో పోల్చుకోగలదు, దాని కింద అంకె పోల్చుకోగలదు. పద్దెనిమిది వేల నాలుగు వందలు. నెలనెలా అదే. పెరగదు, తరగదు. చూసి ఫోను మళ్లీ దేవుడి గూటి పక్కన పెట్టేసేది.

"ఆ ఫోనుకు రీచార్జి ఏంటికమ్మా ఇంకా?" అని కూతురు రూపశ్రీ పుణె నుంచి అడిగింది.

"గ్యాసు బుక్ చేసేది దాంట్లోనే గదా. ఉండనీలే" అంది పంకజాక్షి.

సుందరరాజు డోలు వాయించేవాడు. పుట్టింది కార్వేటినగరంలో, కాపురం పెట్టింది తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఒక సందులో. ఏడాదికి మూడు నాలుగు సార్లు బొంబాయిలోనో ఢిల్లీలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లు పెళ్లిళ్లకు మేళాన్ని విమానంలో పిలిపించుకునేవారు. మొదటిసారి మద్రాసు విమానాశ్రయంలో డోలు తూకం ఎక్కువైందని కౌంటరు దగ్గర పిల్ల ఆపేసింది. లోపల సామాన్లతో వేసేస్తామంది. సుందరరాజు డోలును రెండు చేతులా కావలించుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. "ఇది సామాను కాదమ్మా. నేను రోజూ అన్నం తినేది దీంతోనే" అని ఆ పిల్లకు తెలుగులో చెప్పాడట. ఆ పిల్లకు తెలుగు రాదు. వరసలో వెనక నిలబడ్డ పెద్దమనిషెవరో, ఒకే కంపెనీలో తిరిగి వాళ్ల కార్డు తీసుకుంటే కొన్నాళ్లకు పది కిలోలు ఎక్కువ మోయనిస్తారని చెప్పాడు.

అప్పటినుంచి సుందరరాజు వేరే విమానం ఎక్కలేదు. మేళంలో అందరికీ ఒక విమానంలో టిక్కెట్లు తీస్తే ఇతనికొక్కడికి ఇంకో విమానంలో తీయాల్సి వచ్చేది. నాదస్వరం వాయించే పరంధామయ్య ఎగతాళి చేసేవాడు.

"ఏమప్పా, అల్లుడివా నువ్వు? నీకు వేరే వాహనం రావాల్నా?"

"నాకు కాదబ్బా, నా డోలుకు" అనేవాడు సుందరరాజు.

పాయింట్ల సంగతి అతనికి నాలుగేళ్ల తరువాత గాని తెలియలేదు. అవి కూడితే ఊరికే టిక్కెట్లు ఇస్తారని విన్న రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పెళ్లాంతో చెప్పాడు. పంకజాక్షి అంతవరకు విమానం ఎక్కలేదు. అలిపిరి మెట్ల మీద నిలబడి, రేణిగుంట వైపు దిగే విమానాలను చూడడమే.

"ఇంకొన్ని పెళ్లిళ్లు వాయిస్తే ఇద్దరికీ పోనూ రానూ సరిపోతాయి. ఢిల్లీ పోదాం."

"ఢిల్లీలో మనకెవరుండారు?"

"ఎవురూ లేరు. అందుకే పోదామనేది."

"కిటికీ పక్కన ఎవురు కూచుంటారు?"

"నువ్వే కూచో. నేను సూసిందే గదా" అన్నాడు.

నిరుడు వైశాఖంలో ఆ లెక్క పూర్తయింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మేళానికి సెలవు, అప్పుడు పోదామన్నాడు. ఆషాఢ బహుళ విదియ నాడు పొద్దున కాఫీ తాగి, డోలుకు తోలువారు బిగిస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. సగం బిగించిన డోలును పంకజాక్షి పాత పంచెలో చుట్టి కొక్కేనికి తగిలించింది.

మాఘమాసంలో రూపశ్రీ ఫోను చేసి రెండో కాన్పు అని చెప్పింది. ఆగస్టు ఆఖరుకు నెలలు నిండుతాయి. తల్లి రావాలి. రైల్లో అంత దూరం మోకాళ్లు పట్టేస్తాయి, విమానంలో రమ్మంది. కాన్పుకొకసారి, బిడ్డకు మూడో నెల వచ్చాక ఒకసారి, ఆ తరువాత ఏడాదికి రెండు సార్లన్నా రావాలంది. "నాయన పాయింట్లు ఉండాయి గదమ్మా. అవి పెట్టుకుని రా" అని కూడా అంది.

పంకజాక్షి స్టెల్లా దగ్గరికి పోయింది. స్టెల్లా కపిలతీర్థం రోడ్డులో టిక్కెట్ల అంగడి నడుపుతుంది. సుందరరాజుకు టిక్కెట్లన్నీ ఆమే తీసేది. అన్నా అని పిలిచేది.

"సూడక్కా, ఏడాదికి రెండు మూడు తూర్లు ఎగిరేవాళ్లకు ఈ పాయింట్లు చీరతో పాటు ఊరికే ఇచ్చే జాకెట్టు గుడ్డ లాంటివి. గుడ్డ కోసమని చీర కొనకూడదు. నువ్వు పోయే ఊరికి మన ఊర్నించి ఏ విమానం పోతాది, దాంట్లో పాయింట్లు ఎన్నాళ్లు బతికుంటాయి, ఈ రెండే సూసుకో. తక్కిన సోకులన్నీ పెద్దోళ్లకు."

సుందరరాజు ఎక్కే కంపెనీ విమానం రేణిగుంటకు రాదు. దాని కోసం మద్రాసు పోవాలి. రేణిగుంటకు వచ్చేది ఇంకోటి. హైదరాబాదులో మారితే సాయంత్రానికి పుణె. తెలివైనవాళ్లు ఎవరైనా ఆ రెండోదాంట్లో చేరతారంది స్టెల్లా.

"మరి ఆయనవి?"

స్టెల్లా కంప్యూటరులో చాలాసేపు చదివింది. మనిషి పోయిన ఏడాదిలోపల మరణ పత్రం పంపి, పెళ్లాం అదే కంపెనీలో చేరితే, ఆ పాయింట్లు ఆమె పేరుకు మారుస్తారట. మార్చాక అతని ఖాతా మూసేస్తారు.

"మూసేస్తే?"

"మూసేసేదే. ఆ పేరుతో ఇంక ఏమీ రాదు."

పంకజాక్షి కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఏడాదిలోపల గదా, ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేసింది.

ఇంట్లో సుందరరాజు అక్క గురవమ్మ ఉంది. తమ్ముడు పోయినప్పటినుంచి ఈమెకు తోడుగా వచ్చి ఉంటోంది. ఆమె మాట ఖచ్చితంగా ఉంటుంది.

"ఏమ్మే, ఏడాది తిరక్కుండా వాడి పేరు యాడా కొట్టేసేది లేదు. కరెంటు బిల్లులో కొట్టించినామా? రేషన్ కార్డులో కొట్టించినామా? సంవత్సరీకం కానీ. తరవాత నీ ఇష్టం."

"సరే వదినా."

"ఇంగోటి. ఏడాదిలోపల కొండెక్కకూడదు మనం. ఆ విమానం కొండకంటే పైకి పోతాది గదా. అది ఎక్కినట్టా, దాటినట్టా? అయ్యవారిని అడగాల."

పంకజాక్షికి వదిన మాట ఆ రోజు చేదుగా లేదు. అయిదో తేదీ మెసేజి ఇంకొన్ని నెలలు వస్తుంది.

నెలనెలా మాసికం పెట్టారు. బ్రాహ్మణుడు రాసిచ్చిన తిథుల కాగితం వంటింట్లో క్యాలెండరుకు గుచ్చి ఉండేది. ఒక్కో మాసికం అయ్యాక గురవమ్మ దాని మీద పసుపు వేలితో చుక్క పెట్టేది. ఈసారి జ్యేష్ఠం రెండు వచ్చింది, అధికం ఒకటి, నిజం ఒకటి. అందుకని పదమూడు మాసికాలు. కాగితం మీద అన్ని చుక్కలూ పడ్డాక, సంవత్సరీకం ఇంకా నాలుగు రోజులు ఉందనగా, మునిసిపాలిటీలో తెచ్చుకున్న మరణ పత్రం సంచిలో పెట్టుకుని పంకజాక్షి స్టెల్లా అంగడికి నడిచింది. మద్రాసు పోయి ఎక్కుదామని తీర్మానించుకుంది. పేరు మూసేస్తే మూసేయనీ. అతను కూడబెట్టిన సీటులో అతను చెప్పినట్టు కూర్చోవాలి.

స్టెల్లా పత్రం చూసింది, కంప్యూటరు చూసింది, మళ్లీ పత్రం చూసింది.

"అక్కా, పన్నెండో తేదీకే అయిపోయింది గదా. ఈ రోజు ఇరవై ఏడు."

"అయిపోయేదేంది? ఇంకా నాలుగు దినాలుండాది."

"ఏడాది అయి పదైదు దినాలు దాటిపోయిందక్కా."

"అధికమాసం వచ్చింది గదా ఈ తూరి" అంది పంకజాక్షి, అది చెబితే సరిపోతుందన్నట్టు.

స్టెల్లా పత్రం కింద పెట్టింది. ఆమె చర్చికి పోయే మనిషి. తిథుల లెక్క ఆమెకు తట్టలేదు.

"మీరు తిథి లెక్క పెట్టుకున్నారా? వాళ్లు తేదీ లెక్క సూస్తారక్కా. వాళ్ల కంప్యూటరుకు అధికమాసం యాడ తెలుస్తాది? నాది తప్పు. నువ్వు అడిగిన దినమే తేదీ రాసిచ్చి ఉండాల్సింది."

"నువ్వు ఏడాది అన్నావు. నేనూ ఏడాది అనే అనుకున్నా" అంది పంకజాక్షి.

ఫ్యాను తిరుగుతూ ఉంది. బయట ఒక జీపు డ్రైవరు శ్రీకాళహస్తి, శ్రీకాళహస్తి అని పిలుస్తున్నాడు. స్టెల్లా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇంగొక దోవ ఉండాది. అన్న పోయిన సంగతి వాళ్లకు మనం చెప్పనే లేదు. ఖాతా అట్లనే ఉండాది, పాయింట్లూ ఉండాయి. అన్న ఫోను నీ దగ్గరే ఉండాది గదా? ఆయన తీస్తా ఉన్నట్టే తీసేస్తాం, నీ పేరున టిక్కెట్టు. ఆ ఫోనుకొచ్చే నెంబరు చెప్పు, చాలు."

పంకజాక్షి సంచిలోంచి ఫోను తీసింది. స్టెల్లా ఏవేవో నొక్కింది. ఫోను చిన్నగా మోగింది. ఏడాదిలో ఆ కంపెనీ నుంచి అయిదో తేదీన గాకుండా వచ్చిన మెసేజి అదొక్కటే. ఆరంకెలు.

"ఈడ ఒక గడి ఉండాది. ఖాతా నాదే, నేనే తీస్తా ఉండాను అని టిక్కు కొట్టల్ల. కొట్టేదా?"

నాలుగు రోజుల్లో ఆ మనిషికి పిండం పెట్టి పెద్దల్లో కలపాలి. మరిది వస్తున్నాడు. విస్తరాకులు తెచ్చి పెట్టింది. ఆ చేత్తో అతను ఇక్కడే ఉన్నాడని, అంగడిలో కూర్చుని టిక్కెట్టు తీస్తున్నాడని ఎట్లా చెప్పడం? పంకజాక్షి ఆరంకెలనూ చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలకు ఆ నెంబరు పనికిరాకుండా పోయింది.

"ఇంగో నెంబరు తెప్పించేదా అక్కా?"

"వద్దులే స్టెల్లా. వాళ్లకు ఫోను చెయ్. ఉండే మాట చెప్దాం."

అవతల పిల్ల హిందీలో మాట్లాడింది. స్టెల్లా ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. ఎప్పుడు పోయారని అడిగినప్పుడు మాత్రం పంకజాక్షి తనే ఫోను దగ్గరికి వంగి, "ఆషాఢ బహుళ విదియ" అంది. స్టెల్లా దాన్ని జూలై పన్నెండు చేసి చెప్పింది. ఆ పిల్ల విచారం వెలిబుచ్చింది. పైవాళ్లను అడిగి వస్తానని పాట పెట్టి పోయి, చాలాసేపటికి వచ్చి, వీలు కాదంది. సంగతి తెలిసింది కాబట్టి ఖాతా ఉంచడానికి కూడా కుదరదంది.

సుందరరాజు ఫోను ఇంకోసారి మోగింది. మెసేజిలో అతని పేరు ఉంది. కింద అంకె సున్నా.

"టీ తెప్పించేదా?" అంది స్టెల్లా.

"వద్దు. నాకు కార్డు తియ్."

"ఏ కంపెనీలో?"

"రేణిగుంటలో ఎక్కేది. దాంట్లో సామాను ఎంత పోనిస్తారు?"

"పదైదు కిలోలు."

"అది అడక్కుండా ఎట్ల తీసుకుంటాం? ఆయన తీసుకుందే దాని కోసం."

చేరడానికి ఏమీ కట్టనక్కర్లేదు. పేరు, పుట్టిన తేదీ, ఫోను నెంబరు. ఈసారి పంకజాక్షి తన నెంబరే ఇచ్చింది. ఇంట్లో వాళ్ల పేరు ఒకటి రాయమని ఉంటే రూపశ్రీ అని రాయించింది. స్టెల్లా నెంబరు రాసి కాగితం చేతికిచ్చింది. పంకజాక్షి దాన్ని మడిచి, మళ్లీ విప్పి ఆమె ముందు పెట్టింది.

"దీని మీద రాయి. నేను పోతే తేదీ లెక్క పెట్టుకోమని."

"ఏందక్కా ఆ మాట."

"రాయి. రూపశ్రీకీ తెలీదు."

స్టెల్లా రాసింది.

ఆగస్టు మూడో వారంలో పంకజాక్షి రేణిగుంటలో విమానం ఎక్కింది. ఊరగాయ జాడీలు, బాలింతకు పెట్టే కాయం, పాత చీరలు చించి కుట్టిన పొత్తిగుడ్డలు కలిపి అట్టపెట్టె పద్నాలుగున్నర కిలోలు తూగింది. కౌంటరు దగ్గర పిల్ల ఏమీ అనలేదు. సీటు కిటికీ పక్కనే. పైకి లేచాక కొండ కనిపిస్తుందేమోనని చూసింది గాని, తను కూర్చున్నది ఆ వైపు కాదు. పొలాలు, ఒక ఎండిన ఏరు కనిపించాయి. తరువాత అంతా తెలుపు.

పుణెలో దిగి ఫోను తెరిస్తే మెసేజి ఉంది. పేరు కూడబలుక్కుని చదివింది. తనదే. కింద అంకె నాలుగు వందల పన్నెండు. ఫోను సంచిలో వేసుకుని, అట్టపెట్టె ఎక్కడ వస్తుందో ఒకరిని అడిగి, అటు నడిచింది.