మంచం మీద ముద్ద

మంచం మీద తింటే మంచం ఎంగిలవుతుంది. మా ఇళ్ళల్లో అందరూ అనుకునేదే గాని, మా నాయన అక్క పట్టుకున్నంత పట్టుగా ఎవరూ పట్టుకోరు. నంగలి దగ్గర పల్లెలో ఆవుల్ని కోడలికి అప్పగించి, నన్ను చూసుకోవడానికి ఆమె కేజీఎఫ్ వచ్చింది. అమ్మా నాయనా పొద్దున రైలుకే బెంగళూరు పనికి పోతారు. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తా.

క్యాసంబళ్ళి రోడ్డులో టమోటా టెంపో నా స్కూటీని గుద్దింది. కటి ఎముక ముందువైపు విడిపోయింది. పొత్తికడుపు కింద కోసి, విడిపోయిన కొనల్ని దగ్గరికి తెచ్చి, లోహపు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తను ఎక్స్‌రే చూసి సరేననేదాకా నేను నేల మీద కూర్చోకూడదు, కుర్చీలో అయితే పర్వాలేదు. ప్లేటు కదిలితే మళ్ళీ కోయాలి, తర్వాత నడక సరిగ్గా వస్తుందని చెప్పలేను అంది. అత్త పక్కనే నిలబడి విన్నది.

మర్నాడు మధ్యాహ్నం రాగిముద్ద, ఉలవచారు తెచ్చి మంచానికి దూరంగా నేల మీద పెట్టింది.

"దిగి తిను మే."

"కింద కూచోకూడదన్నారు కదత్తా."

"ఆ యమ్మ చెప్తాది. మంచం కడిగేది ఆ యమ్మా, నేనా? బిడ్డను కన్న పదోనాటికే నేను కింద కూచోని పాలు పిండినాను. ఇనుము బిగించుకొన్నదానివి, నీకేం?"

ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ వాకిట్లో ఆమె కింద ఉండేది. అడిగితే ఇచ్చేదేమో. నేను అడగలేదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని పడుకున్నాను, ఒక్క పేజీ తిప్పలేదు. ముద్ద ఎండిపోయాక అత్త ఎత్తి వీధికుక్కకు వేసింది. సాయంత్రం అమ్మతో, "మహాతల్లికి ఆకలి లేదంట" అని చెప్పింది. ఎక్స్‌రే రోజుదాకా పగళ్ళన్నీ ఇట్లే. రాత్రి అమ్మ పెట్టింది మంచం మీదే తినేదాన్ని. అత్త అటు తిరిగి పడుకునేది.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది. ప్లేటు కదల్లేదు, స్క్రూలు గట్టిగా ఉన్నాయి. వాకర్ వదిలించి నడిపించి చూసింది. "ఇక మెల్లగా కింద కూర్చోవచ్చు" అంది.

ఇంటికి రాగానే అత్త నా కంచంలో ముద్ద వేసి నేల మీద పెట్టింది.

"ఇంగేం నెపం ఉండాది? కూచో."

నేను వాకిట్లోకి పోయి కుర్చీ లోపలికి లాక్కొచ్చి కూర్చున్నాను.

"తట్ట చేతికియ్యత్తా."

"కింద కూచోవచ్చన్నారు గదా?"

"చేతికియ్యి."

 ఆమె వంగి, తీసి ఇచ్చింది.

రాగిముద్దను నమలకూడదు, మింగాలి. నేను ఒక్కో తునకనూ నమిలి నమిలి తిన్నాను. కుర్చీ లేక ఆమె గోడకు ఆనుకుని నిలబడే ఉంది.