నిన్నటి పులుసు

ఈ పొద్దున మా కోడలు మట్టిదాక మీద మూత తీసింది. నిన్న సాయంత్రం వండిన వంజరం చేపల పులుసు. మామిడికాయ పులుపు ముక్కల్లోకి దిగి, మెంతుల వాసనతో కలిసి గుప్పుమనేసరికి రాహేలమ్మక్క గుర్తొచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. నాకు రెండో తరగతి దాటి చదువు లేదు. నేర్చుకున్నదేదో ఆమె పొయ్యి దగ్గరే నేర్చుకున్నాను.

నెల్లూరులో బస్సులు ఆగే చోటికి వెనక మా వీధి. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఆ వీధిలో ఐదు భోజనాల ఇళ్లుండేవి, అన్నీ ఊరివాళ్లవే. భర్త పోయాక రాహేలమ్మక్క ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని, తన ఇంటి వసారాలో ఆకులు వేసి అన్నం పెట్టేది. నేను ఆమెకు మసాలా నూరి ఇచ్చేదాన్ని. మధ్యాహ్నం సముద్రపొడ్డు మైపాడు నుంచి బస్సులో చేప దిగితే సాయంత్రానికి పులుసు అయ్యేది. ఆ పూట మాత్రం ఎవరడిగినా పెట్టేది కాదు.

"రేపు రా అన్నా. చేపకింకా పులుసు పట్టలా."

"ఆకలి ఇయ్యాల గదా అక్కా వేస్తా ఉండేది" అని లారీ డ్రైవర్లు వేళాకోళం చేసినా వినేది కాదు.

అరవైలు వచ్చిన కొత్తలో, వేరే ఊరి ఆసామి ఒకాయన వీధి మొదట్లో ఫ్యాన్లు, పాలరాతి బల్లలతో పెద్ద హోటలు పెట్టాడు. జనం అటు తిరిగారు. రెండేళ్లలో నాలుగిళ్లు మూతపడ్డాయి. చివరికి అక్క కూడా పొయ్యి ఆర్పింది. హోటలు మేనేజరు కబురు పెడితే ఇద్దరం అక్కడే వంటకు చేరాం. పిల్లల కడుపు నిండాలి కదా.

మొదటి సాయంత్రం అక్క తన పద్ధతిలోనే పులుసు చేసి మూత పెట్టింది. మర్నాడు పొద్దున మేనేజరు మూత ఎత్తి చూసి, "ఎప్పుడు వండారు?" అన్నాడు.

"నిన్న సాయంత్రమయ్యా. ఇప్పటికి బాగా పట్టుంటాది."

"పాచిపోయినవి మా హోటల్లో పెట్టం."

ఇద్దరు మనుషులు దాకను ఎత్తి కాలువలో వంచేశారు. నూనె ఎర్రగా తేలుతూ ముక్కలు కొట్టుకుపోయాయి. నిన్నటి పులుసును పారబోసే మనిషి లోకంలో ఉంటాడని అంతవరకు నాకు తెలియదు. అక్క ఇంకో చేపను కోసుకుంది. ఆయన చెప్పినట్టే అప్పటికప్పుడు మళ్లీ వండింది.

మధ్యాహ్నం వెంకటాచలం ఊరి రైతు ఒకాయన, మా వసారాలో తినే పాత మనిషి, ఒక ముద్ద తిని చెయ్యి ఆపేశాడు. "ఏందిది, చేపను నీళ్లలో ముంచి తెచ్చినట్టుండాది. ఎవురు చేసినారు?"

వంటింట్లో అందరం తలలు దించుకున్నాం. అక్క చేతులు కడుక్కుని, మగవాళ్లతో నిండిన ఆ హాల్లోకి నడిచింది.

"నేనే చేసినా అన్నా. బాగలేదు, తినబాక. ఎల్లుండి మా ఇంటికి రా, పెడతా."

 మేనేజరు గుమ్మంలోంచి అంతా విన్నాడు. ఇద్దరు బిడ్డల కూడు ఒక్క మాటతో పోగొట్టుకుందే అనుకున్నాను. ఇద్దరం అప్పుడే ఆ హోటలు వదిలి ఇంటికి నడిచాం, దారిలో అదే అడిగాను.

"బాగలేంది పెట్టి గమ్మున ఎట్టుండేది మే?" అంది.

అక్క రమ్మన్న రోజున ఆ రైతు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నెల తిరిగేసరికి వసారా నిండింది. ఆమెను చూసి, మూతపడిన వాటిలో రెండిళ్లు మళ్లీ పొయ్యి వెలిగించాయి. మిగతా రెండు కుటుంబాలు అప్పటికే ఊరు వదిలి పోయాయి. హోటలు ఇడ్లీలతో బాగానే నడిచింది.

తర్వాత చాలా ఏళ్లు నేను శుభకార్యాలకు వంటలు చేశాను. ఏదైనా చెడితే, ఎవరూ అనకముందే పంక్తి మధ్యకు వెళ్లి, "ఈ కూర నేనే చెడగొట్టినా, వేసుకోబాకండి" అని చెప్పేదాన్ని. ఆ నాలుగడుగులు వేసేటప్పుడు ప్రతిసారీ కాళ్లు వణికేవి. వణుకుతూనే వెళ్లేదాన్ని.