ప్రవేశ రుసుముతో పుల్లయ్య శెట్టి పేచీ

బుధవారం పొద్దున నంద్యాలలో మా షటిల్ హాలు మెట్ల మీద కూర్చుని పుల్లయ్య శెట్టి కోసం ఎదురుచూస్తున్నాను. ముందురోజు సాయంత్రం ఆళ్ళగడ్డలో కూతురింటికి వెళ్ళాడు. మొదటి బస్సుకే వచ్చేస్తానన్నాడు. రాలేదు. ఆలస్యానికి నాలుగు చీవాట్లు సిద్ధం చేసుకుంటుండగా ఫోను మోగింది. శెట్టి నిద్రలోనే కన్నుమూశాడని చెప్పారు. దశాబ్దాలపాటు కళాశాలలో సంస్కృతాంధ్రాలు బోధించినవాణ్ణి, జాతస్య మరణం ధ్రువమని ఎందరికో చెప్పినవాణ్ణి. ఆ క్షణాన ఒక్క శ్లోకమూ అక్కరకు రాలేదు. నిజం చెప్పాలంటే దుఃఖం కంటే ముందు కోపమొచ్చింది. ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టుకుని, బుధవారం పోతాడా మనిషి?

నాకంటే ఏడాది చిన్నవాడు. ఏకవచనంలో రాస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. గారూ అని రాస్తే వేరెవరి గురించో రాస్తున్నట్టుంటుంది. పుట్టింది ఆళ్ళగడ్డ, బతికింది నంద్యాల. ఇక్కడి రైతులకు ఆయన విత్తనాల అంగడి తెలియనిది కాదు. మా షటిల్ క్లబ్బుకు చిరకాల కార్యదర్శి. వాణిజ్య కులంలో పుట్టి వాణిజ్యమే చేసినా, లాభాపేక్ష అంగడి గడప దాటకుండా చూసుకున్న ధన్యజీవి. నోరు మాత్రం ధన్యమైంది కాదు. మొహమాటమనేది ఆ నోటికి తెలియదు. నా నోరూ అంతే కనుక మా స్నేహం నిలిచింది.

ఆట గురించి ఒక మాట. డబుల్స్‌లో ఆయన నా జోడీ. ఒకసారి డోన్ జట్టుతో పోటీలో కాక్ మా గీత మీద పడిందా, బయట పడిందా అని తగువొచ్చింది. అంపైరు బయటేనన్నాడు, పాయింటు మాకిచ్చాడు. శెట్టి ఊరుకోలేదు. "గీత మీదనే పడింది, నేను చూసినా" అని పాయింటు వాళ్ళకిప్పించాడు. ఓడిపోయాం. బస్సులో నంద్యాల వచ్చేదాకా నేను మాట్లాడలేదు. దిగేటప్పుడు, "ఏం అయ్యవారూ, పిల్లోళ్ళకు సత్యం వద అని చెప్పేది మీరే కదప్పా" అన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక అసలు పేచీ. మా క్లబ్బులో కొత్తగా చేరాలంటే నెలచందా కాక ముందే ప్రవేశ రుసుము కట్టాలి. అంగట్లో పనిచేసే గుమస్తా నెల జీతం కంటే తక్కువేం కాదు. పెద్దలు పెట్టిన కట్టుబాటు. అది క్లబ్బుకు గౌరవమని మా అందరి నమ్మకం. కాలక్రమాన సభ్యులు క్షీణించారు. కొందరు కాలధర్మం చెందారు, కొందరికి మోకాళ్ళు సహకరించలేదు. కొన్ని పొద్దులు నలుగురం కూడక వల కట్టకుండానే ఇళ్ళకు పోయాం. హాలు ఒక ధర్మసంస్థది. ఈ వేసవిలోగా సభ్యులు పెరగకపోతే హాలును పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చుకుంటామని వాళ్ళు కబురు పంపారు. అప్పటినుంచీ శెట్టిది ఒకటే పాట. రుసుము ఎత్తేయాలి.

"నా అంగడి మెట్టెక్కేదానికి దుడ్లు అడుగుతానా అయ్యవారూ? లోపలికొచ్చి, విత్తనం చేతిలో పోసుకుని చూసి, నచ్చితే కొంటాడు. మెట్టు కాడనే చెయ్యి చాపితే పక్కంగడికి పోతాడు" అనేవాడు.

నేను రుసుము పక్షం. ఆ పక్షంలో పస లేదని ఇప్పటికీ అనను. కష్టపడి సంపాదించినదాన్నే మనిషి కాపాడుకుంటాడు. ఉత్తపుణ్యానికి వచ్చినవాడు వాన పడితే రాడు, ఎండ కాస్తే రాడు. ఒక ఉగాదికి శెట్టి పోరు పడలేక నెలరోజులు రుసుము మాఫీ చేశాం. బిలబిలమంటూ వచ్చారు. వానాకాలానికి ఇద్దరు మిగిలారు. "చూశావా" అన్నాను. "ఇద్దరు నిలిచినారు గదప్పా. రుసుముంటే ఆ ఇద్దరూ వచ్చేవాళ్ళేనా?" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు రుసుము ఉండి తీరాలని మా అందరికంటే గట్టిగా వాదిస్తాడు. ఆ సంగతి తలుచుకుని శెట్టి పగలబడి నవ్వేవాడు.

నన్ను మార్చాలని ఒక ఆదివారం ఆళ్ళగడ్డకు లాక్కుపోయాడు. అక్కడ ఒక సందులో, రెండు కరెంటు స్తంభాల మధ్య తాడు కట్టుకుని షటిల్ ఆడుతున్నారు. అందులో మందుల షాపు నడిపే మహబూబ్ బాషా అనే అతను కొట్టిన స్మాష్ చూసి చప్పట్లు కొట్టేశాను. అలాంటి దెబ్బ మా హాలులో వినబడి ఎన్నాళ్ళయిందో. నంద్యాలకు రోజూ సరుకు కోసం వస్తాడట. మరి క్లబ్బులో ఎందుకు చేరవని నేనే అడిగాను.

"కట్టలేక కాదు సార్. నెలనెలా ఎంత చెప్పినా ఇస్తా. ముందే ఒకేసారి కట్టమంటే మా ఇంట్లోది అడుగుతాది, ఏందీ అంత దుడ్లు, యాడ పోసినావని. రెండు నెల్లు ఆడినాక మనకు సరిపడకపోతే, ఆ దుడ్లు పోయినట్లే గదా సార్" అన్నాడు.

శెట్టి నా మొహం చూశాడు. పేదవాడికే రుసుము అడ్డమనుకున్నాను నేను. ఉన్నవాడికీ అడ్డమేనని ఆ సందులో తెలిసింది. అయినా తిరుగు ప్రయాణంలో ఒప్పుకోలేదు. ఒక్కడి మాట పట్టుకుని పెద్దల కట్టుబాటు తెంచుతామా అన్నాను. శెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మౌనంగా ఉన్నాడంటే లోపల ఏదో తయారవుతున్నట్టు లెక్క.

అది పోయిన నెల కార్యవర్గ సమావేశంలో బయటపడింది. మా క్లబ్బులో ఇంకో ఆచారముంది. సభ్యుడు పోతే అతని కొడుకు రుసుము లేకుండా తండ్రి స్థానంలో చేరవచ్చు. శెట్టి లేచి నిలబడి, "మన పిల్లోళ్ళకు లేని రుసుము ఊరోళ్ళ పిల్లోళ్ళకు ఎందుకప్పా? గౌరవమయితే మన కొడుకులతో కట్టించండి, వాళ్ళకూ గౌరవమొస్తాది" అన్నాడు. అధ్యక్షులవారి ముఖం ఎర్రబడింది. "నోరు అదుపులో పెట్టుకో శెట్టీ" అన్నారు. "రుసుము ఎత్తేయాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడతాండా. ఓడిపోతే కార్యదర్శి పదవే కాదు, సభ్యత్వమూ వదిలేస్తా" అన్నాడు శెట్టి. బయటికొచ్చాక చెయ్యి పట్టుకున్నాను. ఈ వయసులో నీకెందుకయ్యా ఈ పంతం అన్నాను. "హాలు పోతే పొద్దున్నే లేచి యాడికి పోవాల అయ్యవారూ మనం?" అన్నాడు.

ఆళ్ళగడ్డలో దహనం ముగిసింది. ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నాం. అధ్యక్షులవారు నా పక్కన కుర్చీ లాక్కుని, "పాపం, శెట్టితోనే ఆయన తీర్మానమూ పోయింది" అన్నారు. ఆయన కంటిలో నీరుంది, కపటం లేదు. కానీ ఆ మాటలో ఒక తేలిక వినిపించింది. నిబంధన అదే మరి. తీర్మానం పెట్టినవాడు సభలో లేకపోతే, ఇంకో సభ్యుడు లేచి దాన్ని తనదిగా స్వీకరించాలి. లేచేవాడు లేకపోతే అది రద్దు. రద్దయినదాన్ని మూడేళ్ళదాకా మళ్ళీ ఎత్తకూడదు. ఆలోపు హాలులో ఎన్ని పెళ్ళిళ్ళవుతాయో. చుట్టూ చూశాను. ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు.

అప్పుడు శెట్టి కూతురు అరుణ మజ్జిగ తెచ్చింది. ఆళ్ళగడ్డలోనే పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. శెట్టికి కొడుకులు లేరు. అధ్యక్షులవారు పెద్దమనసుతోనే, "అమ్మా, మీ నాయన స్థానం నీకిస్తాం. రుసుము అక్కరలేదు" అన్నారు.

అరుణ గ్లాసుల పళ్ళెం కింద పెట్టింది. "నాకొద్దు సార్. మా నాయన వద్దన్న దోవలో నేనెట్ల వస్తా? అందరికీ తీసేస్తే అందరితో పాటు వస్తా. లేదంటే ఈడనే సందులో ఆడుకుంటా" అంది. గొంతు పెంచలేదు. తరువాత నావైపు తిరిగి, "మా నాయన ఎక్కువ కొట్లాడింది మీతోనే సార్. ఆదివారం ఆయన మాట ఎవరు చెప్తాండారు?" అని అడిగింది. మజ్జిగ గ్లాసు తాగకుండానే కుర్చీ కింద పెట్టేశాను.

ఇది రాస్తున్నది శుక్రవారం. ఎల్లుండి సభ. శెట్టి తీర్మానాన్ని నాదిగా స్వీకరించి నేను లేస్తాను. సభ్యులందరికీ ముందే తెలియాలని ఈ నివాళిలోనే రాస్తున్నాను. జాలితో కాదు. మహబూబ్ బాషా మాటకు నా దగ్గర సమాధానం లేదు, అరుణ మాటకు అసలే లేదు. నెగ్గుతుందా అంటే చెప్పలేను. భయంగా ఉంది.

భయం ఎందుకంటే, రుసుము పక్షాన ఆ సభలో లేవబోయే ప్రతి వాదమూ నాదే. ఇన్నేళ్ళూ నేనే పదును పెట్టాను, ఆ పదును నాకు తెలుసు. ఉచితంగా వచ్చినవాడు నిలవడని లేస్తారు, పెద్దల మర్యాద అంటారు, నా వాక్యాలే నాకు అప్పజెబుతారు. ఆ వాదాలకు ఠక్కున, నవ్వొచ్చేలా, నోరు మూతపడేలా జవాబు చెప్పగలిగినవాడు ఈ జిల్లాలో ఒక్కడే ఉండేవాడు. శెట్టీ, నీతో గెలవాలని చూశానే తప్ప నీ విద్య నేర్చుకోలేదు. నీకు నా నమస్సులు. ఆదివారం నీ పక్షాన లేచి నిలబడతాను. ఏం మాట్లాడాలో మాత్రం నాకు తెలియదు.