డాక్టర్ సాబ్ రాత చదివిన నెలలు

బోధన్‌లో మా డాక్టర్ సాబ్ రాత చదవగలిగింది నేనొక్కదాన్నే. ఇరవై ఏళ్లకు పైగా ఆయన దవాఖానలో నర్సుగా పనిచేశాను. చీటీ పట్టుకుని మందుల దుకాణానికి పోయినవాళ్లు పది నిమిషాలకే తిరిగొచ్చేవారు. "సిస్టర్, గిదేం మందో దుకాణపాయనకు సమజైతలేదంట, జర సూడు" అనేవారు. నేను చూసి కింద పెద్ద అక్షరాలతో రాసిచ్చేదాన్ని.

ఆయనకు వైద్యం కాక ఇంకో పిచ్చి ఉండేది. నాడి చూస్తూనే ఊరి సంగతులు అడిగేవారు. చెరకు రాకముందు ఆ భూముల్లో ఏం పండేది, చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు ఏ దారిన వచ్చేవి, ఫలానా బావి ఎవరు తవ్వించారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసుక్కునేవారు, నేను కూడా లోపల్లోపల విసుక్కునేదాన్ని. విన్నదంతా మందుల కంపెనీవాళ్లు ఇచ్చిపోయిన ప్యాడ్ల వెనకవైపు రాసుకునేవారు. ముందు దగ్గు మందు ప్రకటన, వెనక ఎడపల్లి ఊరి చరిత్ర. రాసినవన్నీ సెలైన్ సీసాలొచ్చిన అట్టపెట్టెల్లో వేసేవారు.

"దవాఖాన బంద్ చేసినంక పుస్తకం రాస్త సిస్టర్," అనేవారు. "ఫ్యాక్టరీ మూతపడ్డది. గీ ముసలోళ్లు గూడ పోతే ఈడ ఏముండెనో చెప్పేటోళ్లే ఉండరు."

దవాఖాన బంద్ చేసే రోజు ఆయన అనుకున్నట్టు రాలేదు. ఒక పొద్దున స్నానాల గదిలో పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. నిజామాబాద్ ఆసుపత్రిలో నెలరోజులుంచి ఇంటికి తెచ్చారు. మాటల్లో ఒకే ఒక్కటి వెనక్కి వచ్చింది. "కాదు." ఆకలేస్తుందా అన్నా కాదు, నొప్పి ఉందా అన్నా కాదు. అన్నం ముద్ద నోటికి అందిస్తే, కాదంటూనే తినేవారు.

ఆయన భార్యను నేను ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తాను. ఆమే ఫోన్ చేసింది. "సిస్టర్, ఒకసారి ఇంటికి రా. సాబ్ కాయిదాలున్నయి గద. ఆయనకు ఇష్టమైనయి రోజూ చదివి వినిపిస్తే మాటలు రావచ్చని ఆసుపత్రిల మాటలు నేర్పే పిల్ల చెప్పింది. నాకు తెలుగు చదువరాదు. వచ్చినా గా రాత ఎవరు చదువుతరు?"

అప్పటికి నాకూ పని లేదు. వారానికి మూడు మధ్యాహ్నాలు పోవడం మొదలుపెట్టాను. ఒక్కో కాగితం పైకి చదవడం, చదివింది పొడుగు నోటుబుక్కులో తేటగా ఎక్కించడం. ఆయన లేచేసరికి పుస్తకం పని సగం అయిపోయి ఉంటుందని నా ఆశ.

మొదటి కాగితం నాకింకా గుర్తుంది. 'ఎడపల్లి రైతు. ఆయాసం. వాళ్ల నాయన చిన్నప్పుడు ఆ పొలాలన్నీ వానకు పండే చెలకలే. కాలువ నీళ్లొచ్చాకే చెరకు.'

"కాదు," అన్నారు సాబ్.

రాత తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. "కాదు."

"ఎడపల్లి కాదా సార్? ఇంకో ఊరా?"

"కాదు."

"చెలకలు కాదా? మడికట్లా?"

ఎడమ చేత్తో కుర్చీ చెయ్యిని కొడుతూ అదే మాట. నేను ఆ కాగితం ఎదురుగా పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకుని తర్వాతి దానికి పోయాను. దానికీ కాదు. మొదటి నెల తిరిగేసరికి నోటుబుక్కులో ప్రశ్నార్థకం లేని పేజీ ఒక్కటే ఉంది. జక్రాన్‌పల్లి నుంచి కీళ్లనొప్పులకు వచ్చిన ఒకాయన, తన చేన్లోని దిబ్బ కింద పాత కోట ఉందని చెప్పాడట. సాబ్ ఆదివారం పోయి పొద్దంతా దగ్గరుండి తవ్విస్తే, బయటపడింది పశువులకు కుడితి పోసే పగిలిన గోలెం. అది చదువుతుంటే సాబ్ నవ్వారు. నోరు ఒక పక్కకే పోయింది గానీ నవ్వే అది. ఆపా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తర్వాత పోయిన మూడుసార్లూ అదే కాగితం చదివాను. మళ్లీ నవ్వలేదు.

రెంజల్ ఊరి ముసలమ్మ ఒకామె చెప్పింది రాసుకున్న కాగితం రెండో పెట్టెలో దొరికింది. పెళ్లైన రెండో ఏడు ఆమెకు టీబీ వచ్చింది. భర్త చెరకు బండి మీద గడలపైన పడుకోబెట్టి బోధన్ తెచ్చాడు. వాగు దాటేచోట రాళ్ల బాట ఎట్లా ఉండేదో, ఫ్యాక్టరీ గేటు బయట బండ్ల వరుస ఎంత దూరముండేదో, వరుసలోని బండివాళ్లు ఆమెకు నీళ్లు ఎట్లా అందించారో అంతా ఉంది. అన్ని కాగితాల్లోకీ నాకు నచ్చింది అదే. చదవడం అయ్యీ కాకముందే సాబ్ కుర్చీ కదిలేటట్టు ఊగిపోతూ కాదు, కాదు అన్నారు.

ఒక్క కాగితమైనా నిజమో అబద్ధమో తేల్చుకుందామని, నోటుబుక్కులోకి ఎక్కించకముందే దాన్ని సంచీలో పెట్టుకుని రెంజల్ పోయాను. ముసలమ్మ చనిపోయి చాలా ఏళ్లైందట. కోడలు వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు సాయం చేస్తున్నారు. నేను సంగతి చెప్పి, దవాఖాన అలవాటు కొద్దీ ఉన్నదున్నట్టు గట్టిగా చదివేశాను.

కోడలి చేతులు ఆగిపోయాయి. "గదేం రోగమన్నవ్?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు నేనేం చేశానో.

"మా అత్తకు గసొంటి రోగం లేకుండె. ఎవలు సెప్పిన్రు నీకు?"

"ఆమెనే చెప్పిందమ్మా, డాక్టర్ సాబ్‌కు."

"డాక్టరుకు మందు కోసం సెప్పింది. గిట్ల వాకిట్ల నిలవడి సదువుమని సెప్పిందా?"

పక్కింటివాళ్లు తల వంచుకుని కొమ్ములు ఏరుతున్నట్టు నటిస్తున్నారు. కోడలు చెయ్యి చాచింది. "గా కాయిదం ఇటియ్యి."

ఇచ్చేశాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ రాత ఆమెకేం అర్థమవుతుంది? నాలుగు మడతలు పెట్టి, నీళ్లు కాగుతున్న పొయ్యిలో పెట్టింది. తర్వాత కొంచెం మెత్తబడి, "దూరంకెల్లి వచ్చినవ్, కూసో. చాయ్ వెడత" అంది. తాగాను. గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

ఇరవై ఏళ్లు రోగుల సంగతి గడప దాటనివ్వని మనిషిని నేను. సాబ్ కూడా అంతే. ఆయన ఒకే కాగితం మీద మనిషి రోగాన్నీ ఊరి కథనూ కలిపి రాసుకున్నారు. అవి ఆయన కళ్ల కోసం రాసుకున్నవి. పుస్తకం రాసినప్పుడు ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆయన మనసులో ఉండి ఉంటుంది.

మర్నాడు సాబ్ ముందు కూర్చుని జరిగింది చెప్పాను. "సార్, ఇయ్యి నేను చదువుడు మీకు ఇష్టం లేదా? అందుకే కాదంటున్నరా?"

"కాదు."

"అయితే చదువమంటరా?"

"కాదు."

ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏది అడిగినా నాకు దొరికేది ఆ మాటే. ఆ రోజు నుంచి చదవడం మానేశాను. పోయి కాసేపు కూర్చుని, బీపీ చూసి వచ్చేదాన్ని. ఇంట్లో ఒకరోజు రెంజల్ కాగితాన్ని గుర్తున్నంత వరకు టీబీ మాట లేకుండా రాద్దామని చూశాను. ఆమె బండి మీద ఎందుకు పడుకుందో చెప్పకుండా ఆ దారి గురించి ఒక్క వాక్యం ముందుకు సాగలేదు.

వానాకాలంలో సాబ్ పోయారు.

నలభై రోజులు గడిచాక, కాగితాల సంగతి విని నిజామాబాద్‌లో చరిత్ర చెప్పే ఒక లెక్చరర్ వచ్చాడు. మర్యాదస్తుడే. పెట్టెల్లోంచి నాలుగైదు కాగితాలు తీసి, చదవలేక పక్కన పెట్టాడు. నా నోటుబుక్కు చూపిస్తే చాలాసేపు తిరగేశాడు. "గీ ప్రశ్నార్థకాలేంది మేడం?" అని అడిగాడు. చెప్పాను. "మరి ఇండ్ల ఏది నమ్మాలె?" అన్నాడు. నోటుబుక్కు మూసి సంచీలో పెట్టుకున్నాను. టీ తాగి, మళ్లీ వస్తానని పోయాడు.

ఆపా నిజామాబాద్‌లో కూతురి దగ్గరికి పోవాలని నిశ్చయించుకుంది. "శుక్రవారం రా సిస్టర్, పెట్టెలు నువ్వు తీస్కపో. ఇల్లు ఖాళీ చేస్తున్నం," అంది. వస్తానన్నాను, పోలేదు. ఒంట్లో బాగాలేక కాదు. అన్ని రోగాలు, అందరి గుట్లు నా ఇంట్లో పెట్టుకుని ఏం చేయాలో తెలియకనే ఆగిపోయాను. సోమవారం పోయేసరికి గదులు ఊడ్చి ఉన్నాయి.

"మా తమ్ముడు పాత పేపర్లతోటి గవి గూడ పాత సామాన్లాయనకు ఏసిండు," అంది ఆపా. "నువ్వు వద్దనుకున్నవేమో అనుకున్న."

"లేదాపా," అన్నాను.  ఆమె నా వీపు నిమిరింది.

కాగితాలు ఎటు పోయాయో కనుక్కుందామని రెండు రోజులు తిరిగాను. లారీ ఎప్పుడో పోయిందన్నారు. మొదటి పెట్టెతోపాటు రెండో దాంట్లో కొంత నా నోటుబుక్కులో ఉంది. మిగతా తొమ్మిది పెట్టెల్లో ఏముందో చదివినవాళ్లు లేరు.

ఆపా అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మోకాళ్ల గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడుకుంటాం. కాగితాల మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. నోటుబుక్కు ఎవరికైనా ఇద్దామంటే రెంజల్ వాకిలి గుర్తొస్తుంది. పారేద్దామంటే చెయ్యి రాదు. బీరువాలో చీరల కింద పెట్టాను.