కోరస్ కోసం వదిలిన ఖాళీ

ఒట్టు పెట్టకూడదని మా పాస్టరు గారు ఎన్నోసార్లు చెప్పారు. చర్చిలో కీబోర్డు వాయించే మనిషిని, ఆ మాట నాకూ తెలుసు. అయినా ఈ ఒక్క సంగతికి ఒట్టేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెబితే నా రెండు చెవులూ పోవాలి. పాటలు రికార్డు చేసుకుని బతికేవాడు చెవుల మీద ఒట్టేశాడంటే ఆలోచించుకోండి.

నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళండి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నాకు తెలిసిందల్లా కేబుళ్ళు, మైకులు, సౌండ్ కార్డులు. శబ్దమన్నాక ఎక్కడో ఒక చోట నుంచి రావాలి. ఆ రాత్రి వచ్చింది మాత్రం... ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇవాళ్టికీ పట్టుకోలేకపోయాను.

మాది ఇందుకూరుపేట దాటాక మైపాడు రోడ్డులో. ఇంట్లో వెనకగదే నా స్టూడియో. పెద్దగా ఊహించుకోకండి. గది మోగకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశాను. ఒక లాప్‌టాప్, రెండు మైకులు, ఒకే ఒక్క హెడ్‌ఫోన్. కిటికీ తీస్తే రొయ్యల గుంటలు. వాటిలో ఏరియేటర్లు రాత్రంతా నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి. ఆ రొద పడకుండా ఒక్క పాట కూడా రికార్డు చేయలేకపోయాను.

ముందు శీనయ్య గురించి చెప్పాలి. సముద్రం మీద బతికే మనిషి. ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు తాళ్ళు పట్టుకున్నవాళ్ళంతా ఒకే ఊపులో లాగాలి కదా. అందుకని ఒకరు పాట పిలుస్తారు. మిగిలినవాళ్ళు "హైలేసా" అని బదులిస్తారు. పిలవడంలో గానీ బదులివ్వడంలో గానీ శీనయ్యను మించినవాడు లేడు. అందరూ "హైలేసా" అని ఆపేస్తే, అతను మాత్రం చివర "ఓయ్" అని ఒక విరుపు విరిచేవాడు. హైలేసా... ఓయ్. ఎంత దూరం నుంచి విన్నా శీనయ్యే అని తెలిసిపోయేది.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం తనే మా ఇంటికి వచ్చాడు.

"దాసన్నా, నా పాట ఎక్కించి పెట్టవా. ఇప్పుడు నేర్చుకునేవోళ్ళు ఎవురూ లేరు" అన్నాడు.

అప్పుడు నా పాత సౌండ్ కార్డులో ఒకటే కరెంటు మోత. ఎర్తింగ్ సరిచేయించాను, ఛార్జర్ పీకి చూశాను, పోలేదు. "కొత్త కార్డు కొంటా ఉండా శీనయ్యా. అది రానీ, శుభ్రంగా చేద్దాం" అన్నాను.

"అట్నేలే. వస్తా దాసన్నా" అని చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ కొత్త కార్డు సంగతి ఏం చెప్పమంటారు! ఇది మంచిదా, అది మంచిదా అని మూడు నెలలు వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఇందులో మోత తక్కువట, అందులో ఇంకేదో ఎక్కువట. ఏదో ఒకటి కొనేస్తే పోయేది. బుద్ధిలేని వెధవను. ఆ మూడు నెలల్లోనే ఒక గాలిరోజు శీనయ్య వేటకు పోయాడు. పడవ తిరగబడి దొరికింది. మనిషి దొరకలేదు.

ఆయన భార్య రమణమ్మక్క. మా వీధిలోకి చేపల గంపతో వచ్చేది ఆమే. శవాన్ని చూడందే తాళి తియ్యనని మొండికేసింది. రెండేళ్ళు దాటాక వాళ్ళ పెద్దలు పట్టుబట్టారు. చివరికి ఒప్పుకుంది. రాబోయే అమావాస్యకు ఒడ్డున కర్మ జరిపించి తాళి తీసేయాలని మాట అయింది. దానికి నాలుగు రోజుల ముందు మా గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అబ్బయ్యా, ఆ పాట నాకొచ్చు. ఇంట్లో వల బాగుచేసుకుంటా నన్ను పిలవమనేవోడు, తను బదులు చెప్పేవోడు. ఆ రోజుకు ముందర దాన్ని ఎక్కించి పెట్టు. ఇంక నిన్ను అడిగేదేం లేదు."

ఆమె మొహంలోకి చూడలేకపోయాను. కాదని ఎలా అంటాను?

ఆ రోజే ఆమె చేపలన్నీ అమ్ముకుని మళ్ళీ వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. మా ఆవిడ మేరీ టీ ఇచ్చి ముందుగదిలోకి వెళ్ళి పడుకుంది. అక్కను మైకు ముందు నిలబెట్టి నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఇక్కడే... ఇక్కడే నేను తప్పు చేశాను.

"అక్కా, నువ్వు పిలుపు మాత్రం పాడు. బదులు పాడబాకు. ఆడ ఖాళీ వదిలెయ్. కోరస్ తర్వాత నేనూ మేరీ పాడి అతికిస్తాం" అన్నాను. మేం రోజూ చేసే పనే అది. ఒక్కో గొంతూ విడిగా ఎక్కించి, తర్వాత కలుపుకోవడం.

అక్క చటుక్కున వెనక్కి జరిగింది. "ఖాళీనా? అట్టా వదలకూడదు అబ్బయ్యా. పిలిచినాక బదులు పడాల్సిందే. మనం ఇయ్యకపోతే ఇంకెవురో ఇస్తారంటారు మావోళ్ళు."

"ఇస్తే మంచిదే గదక్కా, నాకు పని తగ్గుద్ది" అని నవ్వాను. నవ్వాను సార్... తల్చుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని పిలుపు అందుకుంది.

"ఎగువ తాడు బిగబట్టు..."

ఖాళీ. ఏరియేటర్ల రొద. ఆ రొద అడుగున... సన్నగా ఏదో.

నేను పట్టించుకోలేదు. రెండో పిలుపు. మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఏదో. పొడుగ్గా సాగి, చివర చిన్నగా విరిగింది.

ఆపేశాను. "ఏమైంది?" అంది అక్క. ఆమెకు హెడ్‌ఫోన్ లేదు, ఆమెకేమీ వినపడదు. "కేబుల్ లూజు మాదిరుందిలేక్కా" అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఎకో పెట్టి మర్చిపోయానేమో అని చూశాను. పెట్టలేదు. పాత పాట ట్రాక్ ఏదైనా తెరిచి ఉందేమో చూశాను. లేదు. అన్నీ మూసేసి కొత్త ఫైలు తెరిచాను. కేబుల్ మార్చాను. ఫ్యాను ఆపాను.

మళ్ళీ పాడించాను. మళ్ళీ అదే.

అప్పటికీ భయం లేదు నాకు. చిరాకు వచ్చింది, అంతే. నా కండెన్సర్ మైకు మహా సున్నితం, పక్కవీధిలో దగ్గినా పట్టేస్తుంది. బయట ఎవడో కూనిరాగం తీస్తున్నాడనుకున్నాను. దాన్ని తీసేసి, చర్చిలో ప్రసంగానికి వాడే పాత మైకు పెట్టాను. అది మొరటు మైకు. జానెడు దూరంలో పలికిందే దానికి వినపడుతుంది. దూరంగా అరిచినా పెద్దగా పట్టదు.

"ఈసారి పూర్తిగా పాడక్కా. ఏం జరిగినా ఆపబాకు."

మొదలుపెట్టింది. ఒక పిలుపు అయిందో లేదో... కరెంటు పోయింది.

లైటు ఆరిపోయింది. గుంటల్లో ఏరియేటర్లు ఒకటొకటే నీరసించి ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, శీనయ్య పోయాక కొన్న కొత్త కార్డుకు కరెంటు దాన్నుంచే. రికార్డింగు ఆగలేదు. ఆ తెర వెలుగులో అక్క నోరూ గడ్డమూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆపొద్దన్నాను కదా, ఆమె ఆపలేదు.

"దిగువ తాడు వదలొద్దు..."

ఖాళీ.

ఒకటి... రెండు... మూడు...

"హైలేసా... ఓయ్."

నా చెవుల్లో. రెండు చెవుల మధ్యలో. తడిగొంతు. అంత స్పష్టంగా, అంత దగ్గరగా... ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఈ మైకుకు జానెడు దూరం దాటితే వినపడదని చెప్పాను కదా. ఆ జానెడులో అక్క నోరు తప్ప ఏమీ లేదు. ఆ నోరు మూసుకుని ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

యేసయ్యా అనాలనుకున్నాను, నాలుక తిరగలేదు. హెడ్‌ఫోన్ తీసెయ్యాలి... తియ్యలేకపోయాను. తీసేస్తే గదిలో వినపడుతుందేమోనని.

"కానాగంత చేప కదిలొచ్చె..."

"హైలేసా... ఓయ్."

ఇక మిగిలింది కడాపటి పిలుపు. వల ఒడ్డుకు చేరాక అడిగేది. దానికి బదులు హైలేసా కాదు. "ఎక్కినాం" అనాలి అందరూ. అక్క దాన్నీ అందుకుంది.

"అందరూ... ఒడ్డెక్కినారా?"

ఖాళీ.

ఎవరో నోరు తెరిచిన చప్పుడు. అంతే... గుంట గట్టు మీద జనరేటరు దడదడా మొదలైంది. దాని రొదలో మొత్తం కొట్టుకుపోయింది.

నేను హెడ్‌ఫోన్ విసిరేశాను. అక్క చీకట్లోనే అడిగింది. "ఎవురన్నా పలికినారా అబ్బయ్యా?"

"లేదక్కా" అన్నాను.

తెల్లారి కాస్త ధైర్యం వచ్చింది. ఇదంతా గుంట కాపలా కోటయ్య పనే అని తేల్చుకున్నాను. ముసలాయన, ఒకప్పుడు వల లాగినవాడే. పాట వినగానే నోరూరుకోక బదులిచ్చి ఉంటాడు. మైకు లెక్క కుదరదు, తెలుసు... అయినా అదే అయ్యుండాలని పట్టుకు వేలాడాను. గట్టు మీదికి వెళ్ళి దబాయించాను.

"రాత్రి మా అక్క పాడతా ఉంటే బదులిచ్చింది నువ్వే గదా?"

"నేనెందుకు ఇస్తా దాసూ" అన్నాడు కోటయ్య బీడీ ఆర్పుతూ. "ఇద్దామనే నోరు తెరిచినా. ఆడ ఒకడు ఇస్తానే ఉండె గదా, మళ్ళా నేనెందుకని ఊరుకున్నా. బలే గొంతు. ఎవురాయన?"

"కడాపటి దానికి ఏమన్నాడు?" అని అడిగాను.

"అప్పుడు నేను జనరేటరు కాడ ఉండా. ఇనలా."

ఇంటికి వచ్చి ఫైలు తెరిచాను. ఖాళీల్లో చిన్న చిన్న గీతలున్నాయి. మేరీకి వినిపించాను. "అక్క ఊపిరేమోలే" అంది గానీ హెడ్‌ఫోన్ రెండోసారి పెట్టుకోలేదు. మోతను పీకేసే సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉంది. ఉత్త జనరేటరు మోత ఉన్న ముక్క చూపిస్తే, ఫైల్లో అదెక్కడున్నా తీసేస్తుంది. చివరి ఖాళీ మీద దాన్ని నడిపాను. కొంచెం పీకాను... ఇంకొంచెం... ఇంకొంచెం. నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను, మరీ ఎక్కువ పీకితే ఆ సాఫ్ట్‌వేర్ లేని గొంతులు కూడా పుట్టిస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మోత అడుగున ఒక్క మాట ఉంది. 'ఎక్కినాం' కాదు.

"వస్తా."

అమావాస్యకు ముందురోజు పొద్దుగూకాక అక్క వచ్చింది. తెల్లారితే కర్మ. ఇంటికి చుట్టాలు వచ్చేశారట. అబద్ధం చెప్పి పంపుదామని రెండు రోజులుగా మాటలు వెతుక్కున్నాను. ఆమె వచ్చి కూర్చుని, పైటకొంగు సర్దుకుని, తాళి మీద చెయ్యి వేసుకుంది. నా వల్ల కాలేదు. ఆయన వచ్చిననాడు మోత ఉందని పంపేశాను. ఇవాళ ఈమెను కూడానా?

హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి ఆ ముక్క వినిపించాను.

ఆమె ఏడవలేదు. ఉలిక్కిపడలేదు. మళ్ళీ వెయ్యమన్నట్టు వేలు ఊపింది. వేశాను. మూడోసారి కూడా వేశాను. అప్పుడు హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఎట్టా అన్నాడంటావు అబ్బయ్యా? పొయ్యేటప్పుడు గుమ్మం కాడ చెప్పి పోతామే, అట్టానా? లేకపోతే... నేను పిలిచినందుకు నిజంగానే వస్తానన్నాడా?"

చెవులతో బతికేవాణ్ణి. వందసార్లు విన్నాను. నాకు తెలియలేదు. "తెలీదక్కా" అన్నాను.

ఆ కర్మ జరగలేదు. ఇంకో అమావాస్య చూస్తానంది. ఇప్పటికి అయిదు అమావాస్యలు పోయాయి. వాళ్ళ బావగారు మా ఇంటి మీదికి వచ్చి, "దానికి మతి పోగొట్టినావు గదరా" అని నానా మాటలూ అన్నాడు. పడ్డాను. ఆ ఫైలు తీసెయ్యమని మేరీ పోరుతోంది. తీసేస్తే ఆయన్ని రెండోసారి పంపేసినట్టు ఉంటుంది, ఉంచితే ఆమె మెడలో తాళి ఉంటుంది. ఏది పాపమో నాకు తేలలేదు. సాఫ్ట్‌వేర్ పుట్టించిన గొంతు కోసం ఆమె బతుకు ఆపేశానేమో కూడా తెలియదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ 'వస్తా' అనరు. మేరీ బజారుకు పోతున్నా ఏమీ అనకుండా పోతుంది.

అక్క మాత్రం ప్రతి అమావాస్య ముందురోజూ వస్తుంది. ఆ ఒక్క మాట మూడుసార్లు విని లేస్తుంది. గుమ్మం దాకా నేనూ వెళతాను. చెప్పులు తొడుక్కుంటూ ఆమె ప్రతిసారీ వెనక్కి తిరుగుతుంది.

"వస్తా అబ్బయ్యా" అంటుంది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నేను లోపలికి రాను.