పీటీ సార్ పరిపించిన బూడిద

మొన్న పూర్వ విద్యార్థుల మీటింగుకని మా స్కూలు గేటు దాటగానే తడిసిన బొగ్గు బూడిద వాసన వచ్చింది. ముందురోజు గట్టి వాన పడింది. మైదానాన్ని ఒక మూల నుంచి జేసీబీ తవ్వుకుంటూ వస్తోంది. పైనున్న గడ్డినీ మట్టినీ తోసేసిన చోట బెత్తెడు మందాన నల్లటి పొర బయటపడి, అందులోంచి ఆ వాసన లేస్తోంది. మా నాన్న డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చొక్కా విప్పినప్పుడు వచ్చే వాసన అదే. గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నీలం రంగు సింథటిక్ ట్రాకు, ఫ్లడ్ లైట్లు, ఈతకొలను బొమ్మలు, కింద మన స్కూలు కొత్త క్రీడా సముదాయానికి విరాళాలివ్వండని హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఆ నల్లటి పొర దగ్గర ఆగిపోయాను. దాన్ని పరిచినప్పుడు నాకు పన్నెండేళ్లు. తట్టలతో ఆ బూడిద మోసిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని.

మేం బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లం. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోతే, నాన్న లోకో షెడ్డులో ఫిట్టరయ్యాడు. వరసగా ఎర్రటి క్వార్టర్లు, ప్రతి గుమ్మం ముందూ ఒక మునగచెట్టో జామచెట్టో, గడియారంతో పనిలేకుండా షెడ్డు సైరను. వేసవిలో పొద్దున్న పదింటికే వడగాలి మొదలైతే కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టేవాళ్లం, వాటిలోంచి వచ్చే చల్లగాలికి గోనె వాసనా, పక్కింట్లో ఎండుతున్న మాగాయ వాసనా కలిసి ఉండేవి. అమ్మ పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ వేసి పెడుతుంటే, పాలుపోసే ఫూల్‌బాయి చూసి, ఇది మా బాసీయే కదా అని నవ్వి, అరుగు మీద కూర్చుని తనూ ఒక గిన్నెడు తినిపోయేది. నాగుల చవితికి మా ఇంట్లో దంచిన చిమ్మిలి ఆమె ఇంటికి వెళ్లేది, పోలా పండక్కి ఆమె వండిన ఠేఠ్రీలు మా ఇంటికి వచ్చేవి. శనగపిండితో చేసిన ఆ కరకరలాడే ఠేఠ్రీలని జేబులో వేసుకుని స్కూలుకి పోతే ప్రార్థన అయ్యేలోగా సగం పొడైపోయేవి.

వానలు మొదలయ్యాక హరేలీ పండగ వచ్చేది. ఆ రోజు ఛత్తీస్‌గఢీ పిల్లలు రెండు వెదురు కర్రలకి అడుగుపెట్టే ముక్కలు కట్టుకుని, వాటి మీద నిలబడి బురదలో టకటకమని నడిచేవాళ్లు. ఆ కర్రల్ని గేడీ అంటారు. మేం అరుగుల మీంచి చూసి కుళ్లుకునేవాళ్లం. మాకూ గేడీలు కట్టించి ఎక్కించింది పీటీ సార్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే జత తెల్ల కాన్వాసు బూట్లతో ఉండేవాడు. ఆయనదీ మా వైపే, టెక్కలి అవతల ఏదో పల్లె. పెళ్లి చేసుకోలేదు. మా స్కూలు ప్రైవేటుదే అయినా అప్పట్లో దానికి ఉన్నది నాలుగు గదులూ, ముళ్లకంపలున్న ఒక బీడూ. ఆ బీడులో గులకరాళ్లు ఏరించి, సున్నంతో గీతలు గీసి, వానాకాలమంతా మమ్మల్ని గేడీల మీద నడిపించి, చలికాలం వచ్చేసరికి జిల్లా పోటీల్లో పరిగెత్తించాడు. కాళ్లకి బూట్లు లేని పిల్లలం నలుగురం మూడు కప్పులు తెచ్చాం. ఆ సాయంత్రం ఆయన మా అందరికీ జిలేబీ కొనిపెట్టి, తను తినకుండా, మేం తింటుంటే చూస్తూ నిలబడ్డాడు.

ఆ కప్పులు చూశాకే స్కూలువాళ్లకి మంచి మైదానం కావాలన్న ఆలోచన వచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా ప్రార్థనలో ప్రిన్సిపల్ మేడమ్ ప్రకటించారు, ఊరందరి సాయంతో పరుగు ట్రాకు, లాంగ్ జంప్ గొయ్యి, బాస్కెట్‌బాల్ కోర్టు కట్టిస్తామని. ప్రతి పిల్లకీ ఒక అట్టముక్క ఇచ్చారు, దాని మీద గడులు. చందా ఇచ్చినవాళ్లు ఒక్కో గడిలో సంతకం చెయ్యాలి. మిగతా మాస్టర్లు అట్టలు పంచి ఊరుకున్నారు గానీ, పీటీ సార్ ఆదివారం ఆదివారం మమ్మల్ని వెంటేసుకుని కాలనీలో గుమ్మం గుమ్మం తిరిగాడు. "పిల్లలు రాళ్ల మీద పరిగెడతన్నారమ్మా. మెత్తటి నేల గావాల" అనేవాడు, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పేవాడు కాదు. సంతకం రానివాళ్లు గడిలో వేలిముద్ర వేశారు. ఫూల్‌బాయి వేలిముద్రకి పేడరంగు అంటుకుంటే నేను చిన్నబుచ్చుకున్నాను, సార్ మాత్రం ఆ అట్టని అందరికీ చూపించాడు.

దసరాకి రైల్వే మైదానంలో రావణుణ్ణి కాల్చే రోజున కాలనీ ఆడవాళ్లు స్కూలు పేరున ఒక అంగడి పెట్టారు. రెండు రోజుల ముందు నుంచీ మా వాకిట్లోనే పొయ్యి. అమ్మ చేగోడీలు చుడుతుంటే, పక్కింటి పిన్ని పాకం గారెలు వేస్తుంటే, ఫూల్‌బాయి ఖుర్మీలనే తీపి బిళ్లలకి బెల్లం కరిగిస్తుంటే, ఆ మూడు వాసనలూ కలిసి వీధి చివరిదాకా పోయేవి. ఒక్కటి కూడా నోట్లో వేసుకోనివ్వలేదు, అన్నీ మైదానానికే అన్నారు. జనం ఎగబడి కొన్నారు. రావణుడి తల పేలేసరికి మా పళ్లేలు ఖాళీ.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. పరుగు ట్రాకుకి అన్నిటికన్నా మంచిది ఇంజను బూడిదేనని, నీళ్లు నిలవవనీ, కాలు జారదనీ పీటీ సార్ చెప్పాడు. నాన్న షెడ్డులో పెద్దాయన్ని అడిగి ఒప్పించాడు. లారీలు వచ్చి బూడిద పోసి వెళ్లాయి. కూలీలతోపాటు మేమూ తట్టలు ఎత్తాం. పెద్ద పెళ్లలు ఏరి పక్కన పడేసి, నీళ్లు చల్లి, రోలరు లాగి, మళ్లీ చల్లి. సార్ బూట్లు విప్పేసి, లుంగీ పైకి కట్టుకుని, అడుగడుగునా కాలితో తొక్కి చూసేవాడు. ఎక్కడైనా గట్టిగా తగిలితే మళ్లీ తవ్వించేవాడు. ఇంటికెళ్లేసరికి మా ముఖాల్లో కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. అమ్మ వాకిట్లోనే నిలబెట్టి బక్కెట్టుతో నీళ్లు పోసేది.

చలికాలంలో ప్రారంభోత్సవం, స్పోర్ట్స్ డే ఒకే రోజు పెట్టారు. అంతకు ముందు పది రోజులుగా పీటీ సార్ కనిపించలేదు. జ్వరం అనుకున్నాం. తెల్లటి ట్రాక్ సూటు వేసుకున్న కొత్త కోచ్ ఒకాయన వచ్చి మాకు వరసలు నేర్పుతున్నాడు. ఆ పొద్దున్న నేను కొత్త బూట్లు వేసుకుని, జడలకి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, నాన్నతో చెప్పకుండా ఒక్కదాన్నే ముందుగా స్కూలుకి వెళ్లాను. గేటు దగ్గర కార్లు ఆగి ఉన్నాయి. ఖాకీ బట్టలు, టోపీ, చేతిలో లాఠీతో ఒక మనిషి గేటు తీస్తున్నాడు. కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు. తలెత్తి చూశాను. పీటీ సార్.

ఆయన నన్ను చూశాడు. చెయ్యి టోపీ దాకా లేచింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు.

లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ అలా చెప్పమని ఆయనకి ఉత్తర్వు. అది నాకు తర్వాత తెలిసింది. మా వైపు ఆడపిల్లల్ని పిలిచినట్టు నన్ను గుంటా అని పిలిచే మనిషి, నా మడమకి ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసిన మనిషి. వెనక కారు హారన్ కొట్టింది. నేను తల దించుకుని ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాను.

ఆ రోజు రెండొందల మీటర్లలో నేను మొదట వచ్చాను. ఎలా పరిగెత్తానో గుర్తు లేదు. కప్పు ఇచ్చింది రైల్వే పెద్ద ఆఫీసరు భార్య. ఫోటోలో నా ముఖం ఏడ్చినట్టుంటుంది. కప్పు పట్టుకుని ముందు గేటుకి వెళ్లలేక, వంటశాల వెనకున్న చిన్న తలుపులోంచి బయటికొచ్చి, చుట్టూ తిరిగి ఇంటికి చేరాను. ఆ తర్వాత రెండేళ్లూ ఆ చిన్న తలుపే నా దారి. పరుగు కూడా మానేశాను. కాలు నొప్పని చెప్పాను.

ఇంటికొచ్చి చెప్తే నాన్న ముందు నమ్మలేదు. భోజనం పళ్లెం అలాగే వదిలి లేచి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చాక అమ్మతో చెబుతుంటే విన్నాను. కొత్త మైదానానికి డిగ్రీ ఉన్న కోచ్ ఉండాలని స్కూలు కమిటీ తీర్మానించిందట, సార్‌కి డిగ్రీ లేదు. వెళ్లిపొమ్మంటే, ఏదో ఒక పని ఇవ్వండని ఆయనే అడిగాడట. ఇచ్చింది ఆ గేటు కాపలా.

"ఎందుకొప్పుకున్నావు తమ్ముడూ అన్నాను. మరేటి సెయ్యమంటావన్నయ్యా, నాను పరిపించిన నేల గదా, ఒగ్గేసి ఎక్కడికెల్తానంటాడు" అని నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నాన్న డ్యూటీ దిగాక రోజూ ఆ గేటు దగ్గరికి వెళ్లి ఒక బల్ల మీద ఆయన పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాడు. నన్ను రమ్మని రెండుసార్లు అడిగాడు. హోంవర్కు ఉందన్నాను. మూడోసారి అడగలేదు. రెండు చలికాలాలు గడిచాక, ఊళ్లో తల్లికి బాగోలేదని పీటీ సార్ వెళ్లిపోయాడు. నాన్నే రైలెక్కించాడు. ఉత్తరం రాస్తానన్నాడట, రాయలేదు.

ఇప్పుడు షెడ్డులో ఆవిరి ఇంజన్లు లేవు, మా వరస క్వార్టర్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, ఫూల్‌బాయి ఇల్లున్న సందులో మొబైల్ షాపులు. నాన్న పోయి పదేళ్లు దాటింది. మొన్నటి మీటింగులో కమిటీవాళ్లు చెప్పారు, విరాళం ఇచ్చినవాళ్లు కోరితే గ్యాలరీలో ఒక కుర్చీ వెనక ఎవరి పేరైనా చెక్కిస్తామని. నేను రెండో ఆలోచన లేకుండా చెయ్యెత్తాను. ఇన్నేళ్లకి ఆయన కోసం ఒక పని చేస్తున్నానని గుండె తేలికైంది. ఫారంలో పేరు దగ్గర 'పీటీ సార్' అని రాసి ఇచ్చాను.

ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే అంది, "మేడమ్, పూరా నామ్ చాహియే."

పూర్తి పేరు రాద్దామని పెన్ను తీసుకున్నాను. రాయడానికి ఏమీ రాలేదు. ఆయన గేడీ కట్టే పద్ధతి గుర్తుంది, మెడ మీద పుట్టుమచ్చ గుర్తుంది, పేరు మాత్రం మర్చిపోవడం కాదు, నాకెప్పుడూ తెలీదు. పాత రిజిస్టర్లకి చెదలు పట్టాయని ఆ అమ్మాయి చెప్పింది. మా బ్యాచ్ గ్రూపులో అడిగితే దండాల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు బోలెడు వచ్చాయి. ఒకడు ఏదో రావు కదా అన్నాడు, ఇంకొకామె కాదు నాయుడు అంది. ఇద్దరికీ రూఢిగా తెలీదు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న చెయ్యి ఆపింది.

"మాస్టారండీ అంటే పలికీవోడే. పేరేటో ఎవులడిగినారు" అంది.